ఇంకొక్క తిప్పు

మనవాళ్ళకి బిగింపు పిచ్చి. కుళాయి కారుతుంటే వాషరు మార్చరు, బిగిస్తారు. ఫ్యాను ఊగుతుంటే బిగిస్తారు. కుక్కరు పిడి అయినా, గ్యాసు రెగ్యులేటరయినా, ఇక తిరగదు అని తేలిపోయాక కూడా ఇంకొక్క తిప్పు తిప్పితే తప్ప మనసుకి శాంతి ఉండదు. ఆ ఆఖరి తిప్పులోనే వస్తువు పాడవుతుందని చెబితే నావైపు జాలిగా చూస్తారు. ఆడమనిషి కదా, చేతుల్లో బలం ఉండదు, అందుకని అలా అంటోంది అనుకుంటారు.

బెజవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే ఒక షాపులో సర్వీస్ ఇన్‌ఛార్జిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీరంతా వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు, సంతోషం. ఆ వీడియోల్లో అన్నీ చూపిస్తారు కానీ ప్రొప్రయిటర్లని చూపించరు. ప్రొప్రయిటర్ల మామగార్లని అసలే చూపించరు. తీరా పనిలో చేరాక మీ నెత్తిన పడేది వాళ్ళే.

ముందు అసలు పని సంగతి చెప్పాలి. ఎక్కువ పని చేసే కంప్యూటర్లో ప్రాసెసర్ కాలిపోతూ ఉంటుంది. మామూలు ఫ్యాను దానికి చాలదు. అందుకని దాని నెత్తిన రాగి అడుగున్న చిన్న దిమ్మ ఒకటి కూర్చోబెట్టి, గొట్టాల గుండా నీళ్ళు తిప్పుతారు. దాన్నే వాటర్ బ్లాక్ అంటాం. నాలుగు మూలలా నాలుగు మరలు, ఒక్కో మరకీ ఓ చిన్న స్ప్రింగు, బోర్డు వెనకాల ఆసరాగా ఓ ఇనప పలక. ఎదురెదురు మూలల్లో మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పుకుంటూ వచ్చి, స్ప్రింగు కాస్త నొక్కుకోగానే చెయ్యి తీసెయ్యాలి. బ్లాకుని పట్టి ఉంచాల్సింది స్ప్రింగు. మన కండలు కాదు. మదర్‌బోర్డు అంటే అప్పడం కంటే కొంచెం గట్టిది, అంతే. అది ఒంగితే ప్రాసెసర్‌నీ మెమరీనీ కలిపే సన్నటి అతుకులు చిట్లుతాయి, పైకి మాత్రం ఏమీ కనపడదు. ఈ పనిలో తెలుసుకోవాల్సింది ఇంతే. ఇది చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, మావాళ్ళకి అర్థం చేయించడానికి నా సర్వీసంతా సరిపోలేదు.

మా షాపులో ఓ సీనియర్ మెకానిక్ ఉండేవాడు. పాత డబ్బా టీవీల రోజుల నుంచీ ఈ లైన్లో ఉన్నవాడు. మంచివాడే, కాదనను. కానీ తన మణికట్టు మీద అతనికున్న భక్తి దేవుడి మీద కూడా లేదు. "నేను బిగించానంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఊడదీయలేడు మేడమ్" అనేవాడు. నిజమే, అతను బిగించినవాటిని ఊడదీయలేక రంపంతో కోయించిన రోజులు నాకున్నాయి. మా ప్రొప్రయిటర్ గారికి అతనంటే మహా గురి. ఆయనది రైస్‌మిల్లు కుటుంబం మరి. మిల్లులో బోల్టు వదులైతే బెల్టు తెగి మనుషుల మీద పడుతుంది. ఆ భయమే ఇంత చిన్న కంప్యూటర్ మరలోనూ ఆయనకి కనపడేది.

ఓ వేసవిలో చల్లపల్లి నుంచి ఒక వీడియోగ్రాఫర్ వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకి వీడియో తీసి, ఎడిటింగ్ చేసి ఇస్తాడు. పాత మిషను ఎండకి మాటిమాటికీ ఆగిపోతోందని దాన్ని అమ్మేసి, మా దగ్గర వాటర్ కూలింగ్‌తో పెద్ద మిషను చెప్పాడు. అలాంటిది మా షాపులో అదే మొదటిది. దాన్ని నేనే దగ్గర కూర్చుని కట్టాను. మరలకి స్ప్రింగులు వేశాను, గొట్టాల బరువు బ్లాకు మీద పడకుండా కేబినెట్‌కి క్లిప్పు పెట్టి ఆపాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపి చూశాను. నిమ్మళంగా నడిచింది. అలా ఇచ్చేసి ఉంటే ఈ కథే లేదు.

సరిగ్గా అప్పుడే మా షాపు పక్క బిల్డింగులోకి మారుతోంది. ఏసీ, అద్దాలు, గోడల నిండా రంగురంగుల లైట్లు. ప్రారంభోత్సవం రోజున రిబ్బను కత్తిరించడం అందరూ చేసేదే కాబట్టి ప్రొప్రయిటర్ గారికి ఒక ఊహ వచ్చింది. శంకుస్థాపనకి పెద్దలచేత తాపీ పట్టిస్తారు కదా, అలాగే ఈ మొదటి వాటర్ కూలింగ్ మిషనుకి అతిథులచేత తలో తిప్పు తిప్పిస్తే ఎలా ఉంటుంది? ఎలా ఉంటుందో ఆయన నన్ను అడగలేదు. వీడియోగ్రాఫర్‌ని అడిగారు. అతను పొంగిపోయాడు. తన మిషనుకి పెద్దమనుషులు మరలు బిగించడమే! పైగా ఆ రోజు వీడియో కూడా తానే తీసి పెడతానన్నాడు.

నేను పెట్టిన మరలు చేత్తో తిప్పేవి. స్క్రూడ్రైవరు అక్కర్లేదు. కానీ ఎర్ర రిబ్బను కట్టిన స్క్రూడ్రైవరు లేకపోతే ఫోటో ఎలా వస్తుంది? అందుకని మా సీనియర్ మెకానిక్ నాకు చెప్పకుండా నా మరలు విప్పి, స్ప్రింగులు పక్కన పడేసి, తళతళలాడే పొడుగు స్క్రూలు పెట్టాడు. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది. ఎందుకంటే ఆ పొద్దున నేను వాకిట్లో ఉన్నాను. షాపు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, సర్వీస్ ఇన్‌ఛార్జిని తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డీ, గంధం గిన్నే ఇచ్చి నిలబెట్టారు. వచ్చినవాళ్ళందరి మీదా పన్నీరు చల్లుతూ, కలకండ పంచుతూ నవ్వాలి. చల్లాను. నవ్వు మాత్రం రాలేదు.

అద్దాల్లోంచి అంతా కనపడుతూనే ఉంది. మిషను బల్ల మీద పడుకోబెట్టి, బంతిపూల దండ వేసి, ఊడదీసిన పక్క అద్దానికి కుంకుమబొట్టు పెట్టారు. మొదట బిల్డింగ్ ఓనరు ఓ తిప్పు తిప్పాడు. తరవాత వార్డు నాయకుడు. ఆయన రాజకీయాల్లో మనిషి, ఒక్క తిప్పుతో ఆగుతాడా, నాలుగు మూలలకీ సమానంగా న్యాయం చేశాడు. చివరికి మామగారి వంతు వచ్చింది. ఆ షోరూముకి పెట్టుబడి ఆయనదే. మామగారి ఫోనొస్తే మా ప్రొప్రయిటర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతారు. ఆ పెద్దాయన కండువా భుజాన సర్దుకుని, స్క్రూడ్రైవరు అందుకుని, ఓ పట్టు పట్టాడు.

"ఇంకా తిరుగుతోందేంట్రా ఇది!" అన్నాడు.

"తిప్పండి మామగారూ, మీ చేతి బిగింపు ఉండాలి దానికి!" అన్నారు ప్రొప్రయిటర్ గారు. అందరూ చప్పట్లు.

నేను పన్నీరు బుడ్డి కిందపెట్టి లోపలికి పరుగెత్తాను. "సార్, చాలండి. బోర్డు ఒంగిపోతుంది. ఇక తిప్పొద్దు" అన్నాను. ఆయన నవ్వు చెదరకుండా, పెదాలు కదపకుండా అన్నారు. "మేడమ్, కాఫీలు చూడండి ముందు."

అంతటితో అయిందా? లేదు. కెమెరా వెనకనుంచి మన వీడియోగ్రాఫర్ చెయ్యెత్తాడు.

"సార్, ఫ్రేములో చెయ్యి అడ్డమొచ్చిందండి. ఇంకొక్కసారి, ఇటు చూస్తూ తిప్పండి సార్, ప్లీజ్."

తన మిషనుకి తానే దగ్గరుండి ఇంకో తిప్పు తిప్పించుకున్నాడు. లోకంలో ఇంకెక్కడా ఇలాంటి తప్పు జరగదు. మన దగ్గరే జరుగుతుంది, అదీ బంతిపూల దండ వేసి మరీ జరుగుతుంది.

అది అవగానే విప్పి సరిచేద్దామనుకున్నాను. అప్పటికే అతను కారు డిక్కీ వద్దని, వెనకసీట్లో మిషనుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వర్జ్యం రాకముందే ఇంట్లో స్విచ్చి వెయ్యాలట. "ఒక్క అరగంట ఆగండి, ఓసారి చూసి ఇస్తాను" అన్నాను. "అంతమంది పెద్దలు బిగించారు కదండీ, ఇంకేం చూస్తారు మేడమ్" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చినప్పుడు ఆ నవ్వు లేదు. మిషనుని దుప్పట్లో చుట్టుకుని, పసిపిల్లని ఆసుపత్రికి తెచ్చినట్టు పట్టుకొచ్చాడు. పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజులవి.

"మేడమ్, మెమరీ సగమే చూపిస్తోందండి. వీడియో పెడితే కాసేపు ఆడి ఆగిపోతోంది. తలంబ్రాల దాకా వస్తోందండి, ఆపైన ఆరిపోతోంది. ఒక్క పెళ్ళి కూడా పూర్తి కాలా."

"పాత మిషను?"

"అమ్మేశానుగా. తీసిన పెళ్ళిళ్ళన్నీ కెమెరా కార్డుల్లోనే ఉన్నాయి. పెళ్ళివాళ్ళు ఇంటికొచ్చి కూర్చుంటన్నారండి. ఈ సీజన్లో మాట పోయిందంటే మా చుట్టుపక్కల ఇంక నన్నెవరూ పిలవరు. కెమెరా కూడా అమ్ముకోవాల్సిందే."

ప్రొప్రయిటర్ గారు కౌంటర్ వెనకనుంచే తీర్పు చెప్పేశారు. "మీ ఊళ్ళో వోల్టేజి ఎట్లా ఉంటదో నాకు తెలియదా?"

"యూపీఎస్ ఉందండి."

"అయితే రోడ్డు కుదుపులకి పోయుంటది."

"ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళానండి!"

"ఒళ్ళో అయినా కుదుపు కుదుపే కదండీ." ఇక నావైపు తిరిగారు. "మేడమ్, కస్టమర్ మిస్‌హ్యాండ్లింగ్, ఫిజికల్ డ్యామేజ్ అని రాసి కంపెనీకి పంపించండి."

ఆ మాట రాస్తే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు. కంపెనీవాళ్ళు బోర్డు మార్చరు. షాపుకి సంబంధం ఉండదు. ఆ మనిషి మళ్ళీ కొత్త బోర్డు కొనుక్కోవాలి, కొనుక్కునే స్తోమత అతనికి లేదని మొహమే చెబుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంగదీసింది ఒకరు, చప్పట్లు కొట్టింది ఇంకొకరు, కుదుపుల నేరం మాత్రం చల్లపల్లి దారిలోని పామర్రు రోడ్డుకి! ఆ రోడ్డుకి ఉన్న పాపాలు చాలవా?

నేను రాయలేదు. కౌంటరు మీదే, అందరి ముందూ మిషను విప్పాను. చూస్తే స్ప్రింగులు లేవు. మా సీనియర్ మెకానిక్ వైపు చూశాను.

"స్ప్రింగులేవి?"

"అవి పెన్నుల్లో ఉండాలి గానీ మిషన్లో దేనికి మేడమ్? తీసి పక్కన పెట్టా. వట్టి స్క్రూ అయితే పట్టు బాగుంటదని" అన్నాడు. అన్నాక నా మొహం చూసి తల వంచుకున్నాడు.

ఆ స్క్రూలు ఊడదీయడానికి అతన్నే పిలవాల్సి వచ్చింది, నా చేతికి రాలేదు. బోర్డు బయటికి తీసి, వెనక పక్క స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, ట్యూబులైటు వెలుగుకి ఎత్తి పట్టాను. స్కేలు కింద వెలుతురు. మధ్యలో బోర్డు దోనెలా ఒంగి ఉంది. వీడియోగ్రాఫర్ వంగి చూశాడు, ప్రొప్రయిటర్ గారు కూడా చూశారు.

"కంపెనీ నుంచే అట్లా వచ్చిందేమో" అన్నారు ఆయన.

ఆ మాటకి నాకు కోపం పోయి అసహ్యం వేసింది. అసహ్యం వేసినప్పుడు నా బుర్ర బాగా పనిచేస్తుంది.

"అలాగే సార్, రాస్తాను. కాకపోతే కంపెనీవాళ్ళు ఎవరు బిగించారు, ఎంత బలంగా బిగించారు అని అడుగుతారు. ఆఖర్న తిప్పింది మామగారు కదా. ఆయనకి ఫోన్ చేసి కలపండి, ఎన్ని చుట్లు తిప్పారో ఆయన్నే అడిగి, ఆయన పేరుతో సహా రాసి పంపిస్తాను. బోర్డు ఒంగిపోయిందని కూడా ఆయనకి చెప్పాలి కదా."

మా ప్రొప్రయిటర్ గారి మొహం చూడాలి అప్పుడు! షోరూము ప్రారంభం రోజున మామగారి చేత్తో మొదటి మిషను పగలగొట్టించాడు అల్లుడు అని చల్లపల్లి దాకా పాకితే? అత్తవారింట భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆ మాట వస్తుంది. ఆయన రెండు చేతులూ ఊపేశారు.

"మామగారి పేరెందుకండీ మధ్యలో! మీరు మరీనూ! ఆయనకి బీపీ. లోపల డిస్‌ప్లే మిషన్లో అదే బోర్డు ఉంది కదా, తీసి ఇచ్చేయండి. కస్టమర్ మనకి దేవుడితో సమానం."

అంతసేపూ కుదుపులు తిన్న కస్టమర్ ఒక్క క్షణంలో దేవుడైపోయాడు. న్యాయం గెలిచిందని మీరు మురిసిపోకండి. స్కేలు కింద వెలుతురు చూసి ఎవరూ మారలేదు. మామగారి మీద భయం పనిచేసింది, అంతే. మీ సర్వీసులో మీకు కూడా ఇలాంటి భయాలే అక్కరకొస్తాయి. ఎవరికి ఎవరంటే భయమో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

వీడియోగ్రాఫర్ నా చేతులు పట్టుకోబోయాడు. నేను పట్టుకోనివ్వలేదు.

"మీరేమీ తక్కువ తినలేదు. ఇంకొక్కసారి సార్, ఇటు చూస్తూ అని తిప్పించింది ఎవరు?"

"ఫ్రేము పాడయిందండి" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఈ షాపులో మళ్ళీ ఆ మిషను ముట్టుకుంటే ఇంకెవరు తిప్పుతారోనని, కేబినెట్‌ని అతనితోనే ఇంటికి పంపేసి, బోర్డూ సామానూ సంచిలో పెట్టుకుని మర్నాడు నేనే బస్సెక్కి చల్లపల్లి వెళ్ళాను. వాళ్ళింటి ముందు గదే స్టూడియో. గదిలో అతని తండ్రి మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు ట్రాక్టర్ మెకానిక్కట. నేను పని మొదలుపెట్టగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. వెనక పలక పెట్టాను, బ్లాకు కూర్చోబెట్టాను, గొట్టాలకి క్లిప్పులు వేశాను. మరలకి స్ప్రింగులు వేసి రెండు వేళ్ళతో తిప్పడం మొదలుపెట్టేసరికి పెద్దాయన ఉండబట్టలేకపోయారు.

"అదేంటమ్మా, వేళ్ళతోనా? ఊడిపోదూ?"

"ఊడదండీ. ఈ స్ప్రింగు పట్టి ఉంచుతుంది. ఎక్కువ బిగిస్తేనే పాడయ్యేది. పాత బోర్డు అలాగే పోయింది."

"ట్రాక్టర్ ఇంజను హెడ్డు ఇట్లా బిగిస్తే బండి గట్టు దాటదు."

"ఇది పొలంలోకి వెళ్ళదు కదండీ."

"అలాగేలేమ్మా, తెలిసినదానివి" అన్నారు. కానీ ఆయన చూపు ఆ మర మీదనుంచి కదల్లేదు. ఆ చూపు నేను సర్వీసంతా చూశాను.

స్విచ్చి వేశాం. మెమరీ మొత్తం చూపించింది. ఆగిపోతూ వచ్చిన పెళ్ళి పెట్టాడు. జీలకర్రా బెల్లం అయింది, తాళి కట్టాడు, తలంబ్రాలు వచ్చాయి. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. తలంబ్రాలు దాటి అప్పగింతల్లోకి వెళ్ళిపోయింది. వీడియోగ్రాఫర్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను పెళ్ళికూతురి తల్లి ఏడుస్తుంటే హాయిగా నవ్వుకున్న రోజు అదొక్కటే. వాళ్ళింట్లో ముద్దపప్పూ ఆవకాయా వేసుకుని అన్నం తిని, నాలుగు జాగ్రత్తలు చెప్పి బస్సెక్కాను.

బస్సు పామర్రు దగ్గరికి వస్తుండగా ఫోను మోగింది. వీడియోగ్రాఫర్.

"మేడమ్, ఎంతదాకా వెళ్ళారు? ఏం లేదండీ, మిషను బ్రహ్మాండంగా నడుస్తోంది. నేను టీకని సెంటర్‌కి వెళ్ళొచ్చేసరికి మా నాన్నగారు... కొంచెం లూజుగా ఉందనిపించిందంటండి. కటింగ్ ప్లేయర్ పెట్టి ఓ పట్టు పట్టారు. నేను చూసి అరిచా. ఏం పర్లేదు కదండీ?"

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషిని. "మిషను ఆపండి, ఆయన్ని ఆ గదిలోంచి లేపండి, వస్తున్నా" అని లేచాను.

"బెజవాడ టికెట్టు తీసుకుని పామర్రులో దిగుతారేంటమ్మా?" అన్నాడు కండక్టరు.

"బిగించారయ్యా!" అన్నాను. అతనికేం అర్థమైందో గానీ విజిలు ఊదాడు. రోడ్డు దాటి, ఎండలో నిలబడి, చల్లపల్లి బస్సు కోసం కళ్ళు కాయలు కాసేలా చూశాను. మొత్తం దారిలో ఆ బోర్డు గురించే ఆలోచన. ఇంకో బోర్డు లేదు. మామగారి పేరు రెండోసారి పనిచెయ్యదు. ఇది గనక పోతే ఆ మనిషి కెమెరా అమ్ముకోవడమే.

వెళ్ళేసరికి పెద్దాయన అదే కుర్చీలో, చేతిలో కటింగ్ ప్లేయర్‌తో కూర్చుని ఉన్నారు. నేను నేరుగా వెళ్ళి కేబినెట్ మీద వంగాను. ఒక మూల స్ప్రింగు అణిగిపోయి పళ్ళెంలా అయింది. రెండో మూలకి వెళ్ళబోతుంటే కొడుకు అరిచాడన్నమాట. ఆ మర వదులు చేసి, అణిగిన స్ప్రింగు తీసేసి, నా సంచిలో అదనంగా ఉన్న స్ప్రింగు ఒకటి వేసి, నాలుగూ మళ్ళీ మొదటినుంచీ తిప్పాను. స్విచ్చి వేశాను. మెమరీ మొత్తం వచ్చింది. పెళ్ళి అప్పగింతల దాకా ఆగకుండా నడిచింది.

"ఒక్క తిప్పేనమ్మా నేను తిప్పింది" అన్నారు పెద్దాయన, కొంచెం నొచ్చుకుంటూ.

"అది ఇటివ్వండి" అని చెయ్యి చాపాను. పనికి కావాలేమో అనుకుని కటింగ్ ప్లేయర్ నా చేతిలో పెట్టారు. నేను దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగేశాను.

"అదేంటమ్మా!"

"ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా ఇలాంటివి?"

కొడుకు గబగబా లోపలికి వెళ్ళి ఓ స్పానరు కూడా తెచ్చి ఇచ్చాడు. అదీ వేసుకున్నాను.

ఆ మిషను ఇప్పటికీ నడుస్తోంది. వీడియోగ్రాఫర్ ఇప్పుడు ఇద్దర్ని పెట్టుకుని పనిచేస్తున్నాడు. కటింగ్ ప్లేయర్ మా వంటింట్లో ఉంది. బోరింగు పంపు బిగించుకోవాలట, పెద్దాయన కొడుకుచేత అప్పుడప్పుడూ అడిగిస్తూనే ఉన్నారు. ఇవ్వలేదు. ఇవ్వను కూడా.